ఎండంటే భయపడే ఎడారి బల్లులు

వచ్చే మే నెలలో ఒక పని చేసి చూడండి. ఉదయం ఎనిమిది గంటలకు మీ పెరటి కంచె దగ్గరికి వెళ్లండి. ఏదో ఒక కర్ర కొన మీద తొండ ఒకటి వీపును ఎండకు పెట్టి కూర్చుని, మిమ్మల్ని చూసి తల ఆడిస్తూ ఉంటుంది. మధ్యాహ్నం ఒంటిగంటకు మళ్లీ వెళ్లండి. నెత్తిన తువ్వాలు వేసుకునే వెళ్లండి సుమా! కర్ర మీద తొండ ఉండదు. ఏ చెట్టు మాను వెనకో, ఏ ఆకుల మాటునో నక్కి ఉంటుంది. సాయంత్రం అయిదింటికి చూస్తే మళ్లీ తన కర్ర మీద హాజరు.

ఇందులో వింతేముంది, మధ్యాహ్నపు ఎండ ఎవరికి మాత్రం ఇష్టం, అంటారు మీరు. నిజమే. ఈ మాటనే ఎడారి దాకా తీసుకుపోదాం. ఎడారి అనగానే మనకు ముందు ఇసుక, తరవాత ఒంటె, ఆ తరవాత పాములూ బల్లులూ గుర్తుకు వస్తాయి. వాటికి ఎండ ఒక లెక్కలోది కాదనీ, మండే ఇసుక మీద హాయిగా పాకుతూ ఉంటాయనీ చాలామంది నమ్మకం. బొమ్మలు వేసేవారు కూడా అలాగే వేస్తారు. నడినెత్తిన సూర్యుడు, కింద ఇసుకలో ఒక బల్లి. ఆ బొమ్మ తప్పు. వేసవిలో ఆ వేళప్పుడు, నీడ అన్నది లేకుండా ఆ ఇసుక మీద ఉండిపోతే, ఆ బల్లి కాసేపటికి చచ్చి పడి ఉంటుంది.

మరి ఎడారిలో అన్ని సరీసృపాలు ఎలా బతుకుతున్నాయి? ఎండను తట్టుకుని కాదు, తప్పించుకుని. ఎలా తప్పించుకుంటాయో, తప్పించుకుని ఏం తింటాయో, ఏం తాగుతాయో చూద్దాం.

థర్మామీటరు పట్టుకున్న ఇద్దరు

బల్లులూ, పాములూ, తాబేళ్లూ శీతల రక్త జంతువులని మీరు పాఠాలలో చదివే ఉంటారు. చాలాకాలం శాస్త్రజ్ఞులు కూడా ఆ మాటను ఉన్నదున్నట్టుగానే తీసుకున్నారు. చుట్టూ గాలి ఎంత వేడిగా ఉంటే బల్లి ఒళ్లూ అంత వేడిగా ఉంటుంది, చల్లబడితే అదీ చల్లబడుతుంది, అందులో బల్లి చేసేదేమీ లేదు అనుకున్నారు.

రేమండ్ కౌల్స్, చార్లెస్ బోగర్ట్ అనే ఇద్దరు అమెరికన్ శాస్త్రజ్ఞులు కాలిఫోర్నియాలోని కోచెల్లా లోయ ఎడారిలో ఈ సంగతిని పరీక్షించి చూశారు. బల్లులనూ పాములనూ పట్టుకుని, చిన్న థర్మామీటర్లతో వాటి ఒంటి వేడిని కొలిచారు. 1944లో వారు ప్రచురించిన ఫలితాలు అందరినీ ఆశ్చర్యపరిచాయి. తన ఇష్టప్రకారం తిరగనిస్తే, ఎడారి బల్లి ఒంటి వేడి కొద్ది డిగ్రీల తేడాలోనే ఉంటోంది! గాలి చల్లగా ఉంటే అది ఎండకు వస్తోంది. కాస్త వేడెక్కితే నీడకు పోతోంది. మరీ వేడెక్కితే కన్నంలో దూరుతోంది. మన ఒంట్లో రక్తమూ చెమటా చేసే పనిని బల్లి తన కాళ్లతో చేస్తోందన్న మాట.

నీడ దొరకకుండా ఎండలో ఉంచితే మాత్రం కథ వేరు. కొద్ది నిమిషాలలోనే వాటికి ప్రాణం మీదికి వచ్చేది. ఎడారిలోనే పుట్టి ఎడారిలోనే పెరిగిన పాములకూ అదే గతి.

పగటిపూట తిరిగే ఎడారి బల్లుల ఒంటి వేడి, అవి చురుకుగా ఉన్నప్పుడు, సాధారణంగా 35 నుంచి 40 డిగ్రీల సెంటీగ్రేడు మధ్య ఉంటుంది. ఆరోగ్యంగా ఉన్న మన ఒంటి వేడి 37 డిగ్రీలు. అంటే ఉదయం తొమ్మిదింటికి ఎడారి బల్లి రక్తం మన రక్తం కన్నా వేడిగా కూడా ఉండవచ్చు. శీతల రక్త జంతువు అన్న పేరు పెట్టినవారు ఎప్పుడూ దాన్ని పట్టుకుని చూసి ఉండరు! అమెరికా ఎడారులలో ఉండే ఎడారి ఇగ్వానా అనే బల్లి 42 డిగ్రీల దగ్గర కూడా హుషారుగా తిరుగుతుంది. బల్లులలో ఇది గట్టిది. దానికి కూడా 47 డిగ్రీలు దాటితే కాళ్లు పడిపోతాయి. చాలా బల్లులకు అంతకన్నా ముందే ఆ గతి పడుతుంది. వేసవి మధ్యాహ్నం ఎడారి ఇసుక పైపొర వేడి 60 డిగ్రీలు దాటడం మామూలు. ఇప్పుడు లెక్క చూడండి. బల్లికి హాయిగా ఉండే వేడికీ, దాన్ని చంపే వేడికీ తేడా ఏడెనిమిది డిగ్రీలే. ఇసుకేమో దానికి ఇరవై డిగ్రీలు పైన కూర్చుని ఉంది.

ఆఫ్రికాలోని నమీబ్ ఎడారి ఇసుక దిబ్బల మీద పార ముక్కు బల్లి ఒకటి ఉంటుంది. ఇసుక కాలుతున్నకొద్దీ అది ఒక తమాషా చేస్తుంది. ముందరి కుడికాలూ వెనక ఎడమకాలూ ఒకేసారి గాలిలోకి ఎత్తుతుంది. కాసేపాగి అవి దించి, మిగతా రెండూ ఎత్తుతుంది. వేసవిలో చెప్పులు మరిచిపోయి గుడి మెట్లు దిగేటప్పుడు మీరు చేసే నాట్యమే అది. ఆ నాట్యం కూడా చాలనప్పుడు పారలాంటి తన మూతిని ఇసుకలో గుచ్చి, తలకిందులుగా లోపలికి దూకేస్తుంది. నాలుగు వేళ్ల లోతున ఇసుక చాలా చల్లగా ఉంటుంది. రెండు మూడు అడుగుల లోతున అయితే పగలుకూ రాత్రికీ తేడా దాదాపు తెలియదు. ఎడారిలో రెండు దేశాలున్నాయని అనుకోవచ్చు. ఒకటి పైన, ఒకటి కింద. సరీసృపాలు కాపురం ఉండేది కింది దేశంలో. పైకి వచ్చేది సరుకులకే.

సాండా ఇంటికి పోదాం

మన దేశంలోనే ఒక ఉదాహరణ ఉంది. రాజస్థాన్‌లోని థార్ ఎడారిలోనూ, గుజరాత్‌లోని కచ్ ప్రాంతంలోనూ సాండా అనే బల్లి ఉంటుంది. దాని తోక చుట్టూ వరసలు వరసలుగా ముళ్లలాంటి పొలుసులు ఉంటాయి. అందుకని ముళ్లతోక బల్లి అంటారు. మగది దాదాపు అర మీటరు పొడవు దాకా పెరుగుతుంది. చూడడానికి చిన్న ఉడుములా ఉన్నా, స్వభావంలో మేకలాంటిది. పిల్లగా ఉన్నప్పుడు పురుగులను కూడా తింటుంది గాని, పెద్దదయ్యాక ఆకులూ, పువ్వులూ, గింజలూ, గడ్డే దీని తిండి. మన దేశంలోని బల్లులలో ఇలా శాకాహారంతో బతికేది ఇదొక్కటే.

సాండాకు ఇల్లే సర్వస్వం. గట్టి నేలలో తన కలుగును తానే తవ్వుకుంటుంది. అది తిన్నగా కాకుండా వంకర్లు తిరుగుతూ ఏటవాలుగా దిగుతుంది. రెండు మీటర్లకు పైగా పొడవుండే కలుగులు కూడా ఉన్నాయి. ఒక్కో కలుగులో ఒక్కటే ఉంటుంది. రాత్రి పడుకోబోయే ముందు లోపలినుంచి మట్టితో వాకిలి మూసేస్తుంది. బయటి వేడి లోపలికి రాదు, లోపలి చెమ్మ బయటికి పోదు, పాము కూడా రాదు. ఒక తలుపుతో మూడు పనులు.

తెల్లవారి ఎండ పొడ తగిలాక సాండా మట్టిని తోసుకుని తల మాత్రం బయటపెడుతుంది. అప్పుడు దాని రంగు ముదురుగా ఉంటుంది. నల్లగుడ్డ తెల్లగుడ్డ కన్నా త్వరగా వేడెక్కుతుందని మీకు తెలుసుగా? ఆ సూత్రం సాండా ఒంట్లోనే ఉంది. ఒళ్లు కాగినకొద్దీ ఆ ముదురు రంగు తగ్గి, ఇసుక రంగులోకి వస్తుంది. అప్పుడు మేతకు కదులుతుంది. ఎంతో దూరం పోదు. కొన్ని గజాల దూరంలోనే మేస్తూ, మధ్య మధ్య తలెత్తి చూస్తూ ఉంటుంది. ఆకాశంలో డేగ నీడ కదిలినా, దూరంగా నక్క కనిపించినా ఒక్క పరుగున కలుగులోకి పోతుంది. ఎడారి ఉడుము వెంటబడితే కలుగులో తల లోపలికి పెట్టి, ముళ్ల తోకను వాకిలికి అడ్డంగా ఆడిస్తుంది.

ఎండ ముదిరితే మేత ఆగిపోతుంది. వేసవిలో దానికి దొరికేది ఉదయం కొన్ని గంటలు, పొద్దు వాలాక మరి కొంతసేపు. చలికాలంలో అసలు బయటికే రాదు. వానల తరవాత పచ్చిక ఉన్న రోజులలో తిన్న తిండిలో కొంత, తోక మొదట్లోనూ పొట్టలోనూ కొవ్వుగా దాచుకుంటుంది. ఆ కొవ్వే దాని చలికాలపు గాదె.

తిండి అంత కొద్దిసేపు దొరికితే ఎలా సరిపోతుంది? మీరు రోజుకు మూడుసార్లు తింటారు, మధ్యలో చిరుతిండి వేరే! ఇక్కడే సరీసృపాల అసలు రహస్యం ఉంది. మనం తినే తిండిలో చాలా భాగం ఒంటిని రాత్రింబవళ్లు 37 డిగ్రీల దగ్గర ఉంచడానికే ఖర్చయిపోతుంది. మన పొయ్యి ఎప్పుడూ ఆరదు. బల్లికి ఆ పొయ్యి లేదు. దాన్ని వేడి చేసేవాడు సూర్యుడు, అదీ ఉచితంగా. అందుకే ఒకే బరువున్న ఎలుకనూ బల్లినీ తీసుకుంటే, ఎలుక ఒక రోజులో ఖర్చు చేసే శక్తిలో పదోవంతు కూడా బల్లికి అక్కరలేదు. ఎలుకకు ఒకరోజు తిండి అయితే బల్లికి వారం పైన గడుస్తుంది. వాన ఎప్పుడు పడుతుందో, గడ్డి ఎప్పుడు మొలుస్తుందో తెలియని చోట ఇంతకన్నా పెద్ద వరం ఏముంటుంది? తక్కువ తింటే తక్కువ ఊపిరి పీల్చవచ్చు. తక్కువ ఊపిరి పీలిస్తే, ఊపిరితో బయటికి పోయే తేమా తక్కువే.

నీటి చుక్కను పట్టి ఉంచేదేమిటి?

తిండి సంగతి అయింది. నీళ్ల మాట ఏమిటి?

సరీసృపాల చర్మం మీద పొలుసులుంటాయి. ఆ పొలుసులు పెంకుటింటి పెంకుల్లాగా ఒంట్లోని నీటిని బయటికి పోనివ్వవని చాలాకాలం అందరూ అనుకున్నారు, రాశారు కూడా. ఎంత సహజంగా ఉంది ఈ మాట! కాని ప్రకృతి అప్పుడప్పుడూ మనకు ఒక చిన్న పరీక్ష పెడుతుంది. ఒకసారి అమెరికాలో పొలుసులు అసలు లేకుండా పుట్టిన పాము ఒకటి దొరికింది. గోఫర్ పాము అనే విషం లేని జాతిది. లిక్ట్, బెనెట్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు దాన్నీ, అదే జాతికి చెందిన మామూలు పామునూ పోల్చి చూశారు. పొలుసులు లేని పాము త్వరగా ఎండిపోవాలి గదా? పోలేదు. రెంటి చర్మంనుంచీ నీరు పోయే వేగంలో చెప్పుకోదగ్గ తేడాయే లేదు! 1972లో వారు ఈ సంగతి ప్రచురించారు.

మరి నీటిని ఆపేదేమిటి? చర్మపు పైపొరలో పలచటి రేకుల్లా పేరుకుని ఉండే కొవ్వు పదార్థాలు. ఇంట్లో కాగితానికి నూనె రాసి, దాని మీద నీటి చుక్క వేసి చూడండి, మీకే అర్థమవుతుంది. పొలుసులు రాపిడి నుంచీ, గాయాల నుంచీ కాపాడతాయి. నీటిని కాపాడే పని కొవ్వుది. కంటికి కనిపించేదానికే పేరు రావడం చర్మం విషయంలోనూ జరిగింది.

ఒంట్లోని చెత్తను బయటికి పంపడానికి కూడా నీళ్లు కావాలి. మాంసకృత్తులు అరిగాక మిగిలే నత్రజని చెత్తను మనం యూరియాగా మార్చి, నీటిలో కరిగించి, మూత్రంగా పంపుతాం. సరీసృపాలు దాన్ని యూరిక్ ఆమ్లంగా మారుస్తాయి. అది నీటిలో దాదాపు కరగదు. ముద్దగా, తెల్లగా బయటికి వస్తుంది. దీనికోసం ఎడారికి పోనక్కరలేదు. మీ ఇంటి గోడ కింద బల్లి రెట్టను ఒకసారి పరిశీలనగా చూడండి. నల్లటి రెట్ట చివర సున్నపు చుక్కలాంటి తెల్లటి ముక్క ఉంటుంది. ఆ తెల్లముక్కే బల్లి మూత్రం! చూసినందుకు మీ అమ్మగారు చీవాట్లు పెడితే, శాస్త్రం కోసమని చెప్పండి.

ఉప్పు సంగతి ఇంకా విచిత్రం. ఎండిన ఎడారి మొక్కలలో లవణాలు ఎక్కువ. ఆకులు తినే బల్లి ఆ ఉప్పునంతా ఏం చేసుకోవాలి? సరీసృపాల మూత్రపిండాలు రక్తం కన్నా చిక్కటి మూత్రాన్ని తయారుచేయలేవు. అందుకని సాండాకు బంధువులైన ఇతర ముళ్లతోక బల్లులకూ, అమెరికా ఎడారి ఇగ్వానాకూ ముక్కులో ఉప్పు గ్రంథులుంటాయి. అవి రక్తంలోని అదనపు ఉప్పును తీసి, చిక్కటి ద్రవంగా ముక్కులోకి వదులుతాయి. బల్లి ఒక్క తుమ్ము తుమ్ముతుంది, ఉప్పు బయటపడుతుంది. ముక్కు రంధ్రాల చుట్టూ తెల్లగా ఎండిన ఉప్పు పొర కట్టి ఉంటుంది. జలుబు చేసిందనుకుని జాలి పడకండి!

కాళ్లతో తాగే బల్లి

ఖర్చు తగ్గించుకోవడం ఒక ఎత్తు, నాలుగు చుక్కలు సంపాదించుకోవడం ఒక ఎత్తు. ఈ రెండో విద్యలో ఆస్ట్రేలియాలోని ముళ్ల దెయ్యం బల్లిని మించినది లేదు. పేరు చూసి జడిసిపోకండి. ఒళ్లంతా గులాబీ ముళ్లలాంటి ముళ్లు ఉన్నమాట నిజమే గాని, ఉండేది జానెడు. చీమలు తప్ప మరేదీ ముట్టదు. చీమల బారు పక్కన కూర్చుని, ఒక్కొక్కదాన్నే నాలుకతో అందుకుంటూ ఒక పూటకు వందల కొద్దీ తింటుంది.

దీని నోరు చీమలను ఏరుకోవడానికి తగినట్టు తయారయింది. గుంటలో మూతి పెట్టి నీళ్లు తాగడం దానికి చేతకాదు. అయినా నీటిలో దాని కాళ్లు ఆనితే చాలు, కాసేపటికి ఒళ్లంతా తడిసి, నోరు నమలుతున్నట్టు కదులుతుంది. ఇది చూసిన తొలినాటి పరిశీలకులు దీని చర్మం అద్దుడు కాగితంలాగా నీటిని పీల్చుకుంటోందని అనుకున్నారు. 1962లో బెంట్లీ, బ్లూమర్ అనేవారు పరీక్షించి, అది సరికాదని చూపారు. చర్మం నీటిని లోపలికి పీల్చడం లేదు. పొలుసుల మధ్య వెంట్రుకంత సన్నటి కాలువలు ఉన్నాయి. అవి ఒకదానితో ఒకటి కలిసి, ఒళ్లంతా అల్లుకుని, చివరకు నోటి మూలల దగ్గర తెరుచుకుంటున్నాయి.

ప్రమిదలో వత్తి వేస్తే నూనె దానంతట అదే పైకి ఎక్కుతుంది కదా? సుద్దముక్క కొనను సిరాలో ముంచితే సిరా పాకుతుంది కదా? సన్నటి సందుల్లో ద్రవం ఇలా పైకి పాకడాన్నే కేశనాళికీయత అంటారు. ముళ్ల దెయ్యం ఒంటి మీది కాలువలు చేసేది అదే. కాలి దగ్గర తగిలిన నీరు కాళ్లు ఎక్కి, వీపు ఎక్కి, మెడ మీదుగా నోటి దగ్గరికి చేరుతుంది. బల్లి నోరు కదిలించి ఆ కాలువల చివర నీటిని లోపలికి లాక్కుంటుంది. అలా లాగినప్పుడల్లా వెనకనుంచి మరికొంత నీరు వచ్చి చేరుతుంది. ఒళ్లంతా ఒక వత్తి!

ఎడారిలో నీటి గుంటలెక్కడివి అని మీరు అడగవచ్చు. 2016లో వచ్చిన ఒక పరిశోధన ఈ ప్రశ్ననే తీసుకుంది. తడి ఇసుక మీద ఈ బల్లిని నిలబెడితే కాలువలలోకి కొంత నీరు ఎక్కింది గాని, తాగడానికి చాలలేదు. ఈ బల్లి చెమ్మగా ఉన్న ఇసుకను కాళ్లతో ఎత్తి తన వీపు మీద పోసుకోవడం పరిశీలకులు చూశారు. వీపు మీద పడిన ఇసుక నుంచి చెమ్మ కిందికి దిగుతుంది కాబట్టి, కాలువలు నిండడం తేలిక. నమీబ్ ఎడారిలో పెరింగే పింజర అనే చిన్న పాముకు ఇంతటి ఏర్పాటు లేదు. అక్కడ సముద్రం మీదినుంచి పొగమంచు వస్తుంది. అది తన ఒళ్లును మంచుకు పరిచి, పొలుసుల మీద నిలిచిన బిందువులను తానే నాకుతుంది.

అమెరికాలోని మొహావీ ఎడారి తాబేలు దారి మరొకటి. వాన పడ్డప్పుడు కడుపునిండా తాగి, ఆ నీటిని మూత్రాశయంలో నిలవ ఉంచుకుంటుంది. ఆ నిలవ దాని బరువులో నలభై శాతం దాకా ఉండవచ్చు. ఆ కుండతో ఏడాది పొడుగునా గడపగలదు. ఇక్కడ ఒక చిక్కుంది. తాబేలు భయపడితే ఆ నీటినంతా ఒక్కసారిగా వదిలేస్తుంది. ముచ్చటగా ఉందని ఎవరైనా దాన్ని ఎత్తి చూసి, మళ్లీ జాగ్రత్తగా కిందపెట్టి పోయినా సరే, కరువు రోజులలో ఆ తాబేలు తరవాత దాహంతో చచ్చిపోవచ్చు. అందుకే అక్కడ తాబేలు కనిపిస్తే దూరం నుంచి చూడమంటారు, ముట్టుకోవద్దంటారు.

ఇసుకలో నడక

ఇసుకలో పరుగెత్తడం ఎంత కష్టమో సముద్రపు ఒడ్డుకు పోయినప్పుడు మీకు తెలిసే ఉంటుంది. కాళ్లున్న మనకే అలా ఉంటే, కాళ్లు లేని పాము సంగతి చెప్పాలా? నేలలోని రాళ్లనూ గడ్డలనూ ఆనుకుని నెట్టుకుంటూ ముందుకు పోయే పాముకు, జారే ఇసుకలో ఆనుకోవడానికి ఏమీ దొరకదు. సైడ్‌వైండర్ అనే అమెరికా ఎడారి పాము దీనికి ఒక ఉపాయం కనిపెట్టింది. ఒంటిలో కొన్ని భాగాలను ఇసుకకు ఆనించి, మిగతా భాగాలను గాలిలోకి ఎత్తి, పక్కవాటంగా అంగలు వేస్తుంది. వెళ్లిన చోట ఒకదాని పక్కన ఒకటి, ఏటవాలు గీతలు మిగులుతాయి. కాలే ఇసుక తగలకుండా ఇలా నడుస్తుందని కొందరు రాస్తారు. వేసవిలో ఈ పాము తిరిగేది ఎక్కువగా రాత్రిపూట అన్నది గుర్తుంచుకుంటే, అసలు కారణం జారుడే అని తోస్తుంది. దిబ్బ ఎంత ఏటవాలుగా ఉంటే, తన ఒంటిలో అంత ఎక్కువ భాగాన్ని అది ఇసుకకు ఆనిస్తుందని 2014లో శాస్త్రజ్ఞులు కొలిచి చూశారు. ఆ పద్ధతినే మరబొమ్మ పాముకు నేర్పితే, అదీ ఇసుక దిబ్బ ఎక్కగలిగింది.

పక్కవాటంగా నడిచే పాము మన దగ్గరా ఉంది. అది చిన్న పింజర. థార్ ఎడారిలోనూ ఉంటుంది, రాయలసీమ రాళ్ల నేలల్లోనూ ఉంటుంది. కోపం వస్తే చాలా పాముల్లాగా బుస కొట్టదు. ఒంటిని చుట్టలు చుట్టి, రంపపు పళ్లలాంటి పక్క పొలుసులను ఒకదానితో ఒకటి రాస్తూ బరబరమని చప్పుడు చేస్తుంది. బుస కొడితే ఊపిరితో తేమ పోతుంది కాబట్టి ఇలా పొదుపు చేస్తోందని కొందరి ఊహ. ఊహ మాట ఎలా ఉన్నా, దాని విషం ప్రాణాంతకం. ఆ చప్పుడు వినిపిస్తే పరిశోధన మానేసి వెనక్కి నడవండి.

గాదెను కొల్లగొట్టేవారు

సాండా చలికాలానికి కొవ్వు దాచుకుంటుందని చెప్పాను కదా? ఆ కొవ్వే దాని ప్రాణానికి ముప్పు తెచ్చింది. దాన్ని కాచి తీసిన నూనె కీళ్ల నొప్పులకూ, ఇంకా అనేక రోగాలకూ మందని సంతల్లో, రోడ్ల పక్కన అమ్మేవారు ఉన్నారు. ఆ నూనెలో ఉండేవి మామూలు కొవ్వు ఆమ్లాలే. వేటగాళ్లు కలుగులను తవ్వి సాండాలను పట్టి, పారిపోకుండా వాటి నడుము విరిచి, బతికుండగానే సంచుల్లో వేసుకుపోతారు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం వీటిని పట్టడం, చంపడం, నూనె అమ్మడం నేరం. అయినా ఆగలేదు. దీనికి తోడు ఎడారిలోకి కాలువ నీరు వచ్చి బీడు నేల పొలంగా మారినచోట సాండా కలుగులకు చోటు పోయింది. అక్కడ కొత్తగా వ్యవసాయం చేసుకుంటున్న రైతును తప్పు పట్టలేం. కాని సాండాకు వేరే ఊరు లేదు.

ఇంకొక ముప్పు ఉంది. దానికి ఏ వేటగాడూ అక్కరలేదు.

బల్లి బతుకంతా గంటల లెక్క అని ఈపాటికి మీకు అర్థమై ఉంటుంది. ఎండ చాలకపోతే కదలలేదు, ఎక్కువైతే బయటికి రాలేదు. మధ్యలో మిగిలిన గంటలలోనే తిండి, జత వెతుక్కోవడం, గుడ్లకు కావలసిన బలం కూడబెట్టుకోవడం అన్నీ జరగాలి. లోకం వేడెక్కుతున్నకొద్దీ బల్లి ఎండకు మాడి చస్తుందని మనం అనుకుంటాం. అలా జరగదు. దానికి నీడ ఉంది, కలుగు ఉంది. అది కలుగులో క్షేమంగానే కూర్చుంటుంది. కూర్చుని, పస్తుంటుంది.

ఇది ఊహ కాదు. బారీ సినర్వో అనే శాస్త్రజ్ఞుడూ, ఆయన సహచరులూ మెక్సికోలో ఈ పరిశీలన చేశారు. అక్కడ మన తొండల్లాగే కంచెల మీదా బండల మీదా ఎండ కాగే ముళ్ల పొలుసుల బల్లులు ఉన్నాయి. 1975 నుంచి 1995 దాకా ఆ బల్లుల జాతులు 48 ఎక్కడెక్కడ ఉన్నాయో 200 చోట్ల లెక్క రాసి పెట్టారు. తరవాత అవే చోట్లకు మళ్లీ వెళ్లి చూస్తే, నూటికి పన్నెండు చోట్ల ఒక్క బల్లి కూడా లేదు. ఆ చోట్లలో చాలావాటిని ఎవరూ పాడుచేయలేదు. చెట్లూ ఉన్నాయి, బండలూ ఉన్నాయి, పురుగులూ ఉన్నాయి. బల్లులే లేవు.

అప్పుడు వారు బల్లి ఆకారంలో, బల్లిలాగే వేడెక్కే బొమ్మలు చేసి, వాటిలో ఉష్ణోగ్రతను రాసుకునే పరికరాలు అమర్చి ఎండలో ఉంచారు. బొమ్మ ఎన్ని గంటలపాటు మరీ వేడెక్కిందో, నిజమైన బల్లి అన్ని గంటలు లోపల కూర్చోవలసి ఉంటుందన్న మాట. గుడ్లు, పిల్లల కాలంలో ఇలా పోయే గంటలు రోజుకు సుమారు నాలుగుకు చేరినచోట్ల బల్లులు అంతరించిపోయినట్టు తేలింది. తిండికి చాలినంత సమయం లేక, తల్లి బల్లులకు గుడ్లకూ పిల్లలకూ కావలసిన శక్తి కూడలేదు. పెద్దవి బతికే ఉన్నాయి. పిల్లలు పుట్టలేదు. కొన్నేళ్లకు ఆ పెద్దవీ పోయాయి. ఈ ఫలితాలు 2010లో వెలువడ్డాయి. సాండాకు రోజుకు ఎన్ని గంటలు మిగులుతున్నాయో కూడా ఇదే పద్ధతిలో కొలవవచ్చు.

మీ తొండకు కూడా కొలవవచ్చు. బొమ్మా పరికరమూ లేకపోయినా ఫరవాలేదు, గడియారమూ నోటుపుస్తకమూ చాలు. వేసవి సెలవుల్లో రోజూ అది కంచె ఎక్కిన వేళా, ఎండకు దిగిపోయిన వేళా, మళ్లీ ఎక్కిన వేళా రాసుకోండి. పక్కనే ఆ రోజు పత్రికలో వేసిన మీ ఊరి ఉష్ణోగ్రత రాయండి. మధ్యలో అది కనిపించని గంటలను విడిగా కూడండి. వచ్చే ఏడు మళ్లీ రాయండి.